కుంతూరి కనుమకు ఏ పంపు

చల్లపాట ఊరి చివర, ఓరురో పట్నానికి వెళ్లే రోడ్డు పక్కన, కసియానో హువరాచి ముప్పై నాలుగేళ్లుగా లారీల షెడ్డు నడుపుతున్నాడు. పాత డీజిల్ ఇంజన్లకు ఆ చుట్టుపక్కల ఆయన్ను మించిన మేస్త్రీ లేడని అందరూ అనేవారు. ఆయన కాదనేవాడు కాదు.

అక్టోబరు నెలలో ఒక గురువారం పొద్దున, నెమేసియా అయవిరి లారీ ఆ షెడ్డు ముందుకు దగ్గుకుంటూ వచ్చి ఆగింది. ముక్కు పొడుగు పాత లారీ. ఆకుపచ్చ రంగు వెలిసి, చెక్క బాడీకి రెండు పలకలు కొత్తవి పడి, చూడటానికి అతుకుల దుప్పటిలా ఉంటుంది. పదకొండేళ్ల కిందట ఒక గనివాళ్లు చక్రాలు ఊడదీసి మూలన పడేస్తే, నెమేసియా దాన్ని అడిగి తెచ్చుకుని కసియానో చేత బతికించుకుంది. ఆమెకు నలభై ఆరేళ్లు. పొట్టి మనిషి, రెండు జడలు, ఉన్ని టోపీ. మొగుడికి ఉన్నికీ మాంసానికీ పెంచే లామాలంటే ప్రాణం, రోడ్డంటే భయం. అందుకని మందను ఆయనకు వదిలేసి, లారీని ఆమె తీసుకుంది.

"మేస్త్రీ, మళ్లీ అదే," అంటూ ఆమె దిగింది. "చదును మీద బానే వస్తోంది. ఎత్తు తగిలితే ఊపిరాడట్లేదు."

కసియానో బానెట్ ఎత్తి, ఆయిల్ కొలిచే కడ్డీ బయటికి లాగాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. రెండు వేళ్లతో రుద్ది చూశాడు. ఆయిల్ ఉండాల్సిన చోట చారునీళ్లలాంటిదేదో జారిపోయింది.

"రబ్బరు చినిగింది," అన్నాడు. "డీజిల్ ఆయిల్లోకి దిగుతోంది."

ఇంజను పక్కన ఉండే ఆ చిన్న పంపు పని, వెనక ట్యాంకులోంచి డీజిల్ పీల్చి పెద్ద పంపుకు అందించడం. ఇంజను తిరిగితే అదీ ఆడుతుంది. లోపల ఒక రబ్బరు పొర కిందికీ పైకీ ఊగుతూ గుటకలు వేసినట్టు డీజిల్ లాగుతుంది. ఆ పొర ఫిబ్రవరిలో చినిగింది. జూన్‌లో చినిగింది. ఇప్పుడు మళ్లీ. ఒకప్పుడు వేసిన పొర నాలుగైదేళ్లు ఆడేది. ఈ మధ్య దొరుకుతున్న రబ్బరు మంచిది కాదని కసియానోకు తెలుసు. తెలిసినా ఎవరితోనూ అనలేదు. అది అంటే, ముప్పై నాలుగేళ్లుగా తాను మెచ్చుకుంటూ వచ్చిన పంపును తానే కించపరిచినట్టు ఉంటుందని.

"రేపటికి కొత్త పొర వేసిస్తా," అన్నాడు.

"వేస్తారు సరే. శనివారం నేను విత్తనాలు ఎక్కించుకుని కనుమ దాటాలి మేస్త్రీ."

ఆ మాటకు కసియానో చేతులు తుడుచుకోవడం ఆపాడు.

విత్తనాల సంగతి ఆయనకు తెలుసు. పోయిన ఫిబ్రవరిలో, బంగాళదుంప మొక్కలు పూత మీద ఉండగా, నెమేసియా వాళ్ల విలాపంపా ఊరి మీద మంచు కొట్టింది. ఒక్క రాత్రిలో పొలాలన్నీ నల్లబడిపోయాయి. తినడానికి చాలలేదు, ఇక విత్తనానికి ఏం దాచుకుంటారు? నలభై ఇళ్లవాళ్లూ కలిసి, చల్లపాట అవతల ఉన్న విత్తనాల తోటలో ఎనభై బస్తాలు చెప్పి పెట్టుకున్నారు. తోటవాళ్లు శుక్రవారం సాయంత్రం గానీ ఇవ్వరు. ఊళ్లో నాట్లు ఆదివారం మొదలు. మధ్యలో కుంతూరి కనుమ ఉంది, నాలుగు వేల నాలుగు వందల మీటర్ల ఎత్తున. పొద్దు వాలిందంటే అక్కడ సీసాలో నీళ్లు గడ్డకట్టి సీసా పగులుతుంది. మొలక కన్ను తెరిచిన విత్తనం ఒక్క రాత్రి అక్కడ నిలబడితే, తెల్లారేసరికి మెత్తబడి నీరు కారుతుంది. ఇక దాన్ని నాటినా, పాతిపెట్టినా ఒకటే.

"పోయినేడు అదే కనుమ మీద రెండుసార్లు ఆగిపోయాను," అంది నెమేసియా. "అప్పుడు ఉప్పు వేసుకుని వెళ్తున్నా. ఉప్పుకేం, చలీ లేదు, గిలీ లేదు."

రోడ్డుకు అవతల రోములో కొట్టు ఉంది. బ్యాటరీలు, వైర్లు, డైనమోల పని. రోములో కసియానో భార్యకు తమ్ముడు. బావగారి షెడ్డులో బానెట్ లేచిందంటే చాలు, ఏదో ఒక వంకతో రోడ్డు దాటి వచ్చేస్తాడు. ఆ రోజు వంక కూడా వెతుక్కోలేదు. చేతిలో అట్టపెట్టెతో సూటిగా వచ్చాడు.

"ఏంటి బావా, మళ్లీ రబ్బరు చెప్పు తెగిందా?"

"నిన్నెవరు పిలిచార్రా?"

"ఆ దగ్గు వింటే మా బ్యాటరీలు కూడా లేచొస్తాయి. నెమేసియక్కా, ఇది చూడు." పెట్టె తెరిచి, పిడికిలంత ఇనుప పంపు బయటికి తీశాడు. "కరెంటు పంపు. ట్యాంకు పక్కనే బిగిస్తాం. ఇది పీల్చదు, తోస్తుంది. కనుమ మీద గాలి పల్చన గదా, ఆ పల్చటి గాలిలో అంత దూరం నుంచి డీజిల్ పీల్చాలంటే బావ పంపుకు ప్రాణం పోతుంది. ఇది వెనక నుంచి నెట్టేస్తుంది. దీనికి కనుమైనా ఒకటే, కడలైనా ఒకటే."

"వైరు తెగితే?" అన్నాడు కసియానో. "ఫ్యూజు పోతే? బ్యాటరీ పడుకుంటే? అప్పుడేం చేస్తుంది, పాట పాడుతుందా? నా పంపుకు వైరు లేదు, ఫ్యూజు లేదు. ఇంజను తిరుగుతుందా, అది ఆడుతుంది. డీజిల్ అయిపోయి గాలి పడితే దాని చేతి మీట నాలుగుసార్లు కొట్టుకుని పోవచ్చు."

"నాలుగా? పోయినేడు అక్క కనుమ మీద రెండొందలు కొట్టిందట. నువ్వు రబ్బరు పొరలు వేసుకుంటూ కూర్చో బావా, ఆ విత్తనాలు ఊరికి చేరవు. కనుమ మీదే చునో అయిపోతాయి."

చునో అంటే మంచులో పరిచి, తొక్కి, ఎండబెట్టుకునే దుంప. అది తినడానికే గానీ నాటడానికి కాదు. మామూలుగా అయితే నెమేసియా నవ్వేదే. ఆ పొద్దున నవ్వలేదు. ఖాళీ ఆయిల్ డ్రమ్ము ఒకటి బోర్లించి దాని మీద కూర్చుంది. సంచిలోంచి, చలికీ అలసటకీ అక్కడివాళ్లు నమిలే కోకా ఆకులు తీసి బుగ్గన పెట్టుకుంది. బావా బావమరుదులు ఇంకాసేపు అరుచుకున్నారు. ఆమె అడ్డుపడలేదు. ఇద్దరికీ గొంతు ఎండిపోయి ఆగాక, అప్పుడు నోరు విప్పింది.

"మీ పంపు ఎంత గొప్పదో ఇద్దరూ చెప్పారు. ఇప్పుడు అది ఎలా చస్తుందో చెప్పండి. ఎవరి పంపు గురించి వాళ్లే. పక్కోడి పంపు ఊసెత్తొద్దు."

ఇద్దరూ మొహమొహాలు చూసుకున్నారు. ఇన్నేళ్లలో ఏ లారీవాడూ అలా అడగలేదు. ఎవరైనా అడిగేది ఏది మంచిదని. లేకపోతే, ఏది తొందరగా అవుతుందని.

రోములోనే ముందు మొదలుపెట్టాడు. "చెప్పాపెట్టకుండా చస్తుందక్కా," అన్నాడు, గొంతు తగ్గించి. "ఈ నిమిషం ఆడుతూ మరు నిమిషం ఆగిపోతుంది. సగం సార్లు పంపు చావదు, దానికొచ్చే కరెంటు ఆగుతుంది. ఫ్యూజో, వైరో, ఎర్తో. ఇంకోటి కూడా ఉంది. బండి బోల్తా పడి ఇంజను ఆగినా, తాళం తిప్పి ఉంటే ఇది తోస్తూనే ఉంటుంది. పైపు తెగిందంటే డీజిల్ కారుతూనే ఉంటుంది."

"దానికేం చేస్తావ్?"

"ఆయిల్ ప్రెషర్ స్విచ్చి గుండా కరెంటిస్తాను. ఇంజను ఆగితే ఆయిల్ ప్రెషర్ పడిపోతుంది, పంపూ ఆగుతుంది. స్టార్ట్ చేసేటప్పుడు మాత్రం నీ చేతి కింద ఒక బొత్తాం ఉంటుంది. నొక్కి పట్టుకున్నంతసేపే ఆడుతుంది."

"సరే. మేస్త్రీ, మీరు చెప్పండి."

కసియానో పానా తీసుకుని, తుడవాల్సిన అవసరం లేకపోయినా తుడిచాడు.

"నాది నెమ్మదిగా చస్తుంది," అన్నాడు. "ముందు చెప్పి చస్తుంది. అయితే చచ్చేటప్పుడు ఇంజన్ను కూడా తనతో తీసుకుపోవాలని చూస్తుంది. డీజిల్ దిగి ఆయిల్ పల్చబడితే బేరింగులు అరిగిపోతాయి. ఎత్తు మీద పీల్పు తగ్గుతుంది, వీడు అన్నది నిజమే." పానా కింద పెట్టాడు. "ఇంకా... ఇప్పుడొచ్చే రబ్బరు మంచిది కాదు నెమేసియా. రేపు వేసే పొర ఎన్నాళ్లుంటుందో నాకు తెలీదు. నాలుగు నెలలో, నాలుగు వారాలో."

ఆ మాట బయటికి వచ్చాక ఆయనకు సిగ్గూ వేసింది, బరువు దించుకున్నట్టూ అనిపించింది. రోములో వెక్కిరిస్తాడనుకున్నాడు. వాడు నేల చూపులు చూశాడు.

"అయితే రెండూ పెట్టేద్దాం!" అన్నాడు రోములో ఉన్నట్టుండి. "వెనక ఇది తోస్తుంది, ముందు అది పీలుస్తుంది. ఒకటి పోతే ఒకటి."

కసియానో తల అడ్డంగా ఊపబోయాడు. అంతలో నెమేసియానే అంది: "తోసేది తోస్తూ ఉండగా పీల్చేదాని రబ్బరు చినిగితే? ఇప్పుడు బొట్టు బొట్టుగా దిగే డీజిల్, అప్పుడు కుళాయి తిప్పినట్టు ఆయిల్లోకి పోదూ?"

సరిగ్గా ఆ మాటే కసియానో చెప్పబోయాడు. ఆ సంగతి నేర్చుకోవడానికి ఆయనకు ఒక ఇంజను కాలిపోవాల్సి వచ్చింది. ఈమె డ్రమ్ము మీద కూర్చుని, ఆకులు నములుతూ పట్టేసుకుంది.

"ఒకటే పెట్టండి," అంది ఆమె లేస్తూ. "కరెంటుదే పెట్టండి. పాతదాన్ని తీసేసి, ఇంజనుకు అది ఉన్న చోట పడే కన్నం మూసేయండి."

కసియానోకు చురుక్కుమంది. "పదకొండేళ్లుగా నా పంపుతో తిరిగావు."

"తిరిగాను మేస్త్రీ. కాదంటే కళ్లు పోతాయి. కానీ మీ పంపు ఆగితే దాన్ని బతికించేది మీ చేతులే. ఇంజను సందులో చెయ్యి దూర్చి, లోపలి మీట పడాల్సిన చోట పడిందో లేదో వేలితో తెలుసుకుని బిగించాలి. అది నాకు రాదు. నేర్చుకుందామన్నా రేపటికి రాదు. ఇదేమో ట్యాంకు పక్కన, రెండు బోల్టులు, రెండు పైపులు, రెండు వైర్లు. సీటు కింద ఇంకోటి పెట్టుకుంటే నేనే మార్చుకోగలను. కనుమ మీద నాకు తోడు నేనే కదా."

కసియానో బానెట్ కిందికి వంగి పాత పంపు బోల్టులు విప్పడం మొదలుపెట్టాడు.

శుక్రవారమంతా పనే. కన్నం మూయడానికి కసియానో పాత లారీ ఇనుప బాడీ ముక్కలోంచి ఒక పలక కోసి, అంచులు ఆకురాయితో రుద్ది, దళసరి అట్టను సుత్తితో కొట్టి, ఆయిల్ కారకుండా మధ్యలో పెట్టే గాస్కెట్ తీశాడు. మనసు మండుతున్నా పని మాత్రం నగ చేసినట్టు చేశాడు. అటు రోములో వైరింగు చేస్తుంటే నెమేసియా వాణ్ని ఊపిరి తీసుకోనివ్వలేదు. పంపు బిగించే ముందు, పైపును డబ్బాలో పెట్టి నిమిషానికి ఎంత డీజిల్ వస్తుందో చూపించమంది. ఎక్కువ తోసే పంపైతే పెద్ద పంపు సీళ్లు పోతాయని కసియానో మూలనుంచి గొణిగిన మాట విని, ప్రెషర్ కూడా కొలిపించింది. ఎర్త్ వైరు బిగించే చోట చాసిస్ మీద రంగు గీకావా అని అడిగింది. గీకాడు.

అన్నీ అయ్యాక అందరూ టీ తాగుదామనుకుంటే, ఆమె పానా తీసుకుని లారీ కిందికి దూరింది. బిగించిన పంపును విప్పేసింది. మళ్లీ బిగించింది. రోములో లబలబలాడాడు.

"ఏంటక్కా, నా పని మీద నమ్మకం లేదా?"

"నీ పని మీద ఉంది. నా పని మీదే లేదు."

రెండోసారి విప్పి బిగించింది. మూడోసారి చేతులకు ఉన్ని తొడుగులు వేసుకుని చేసింది. చలికి వేళ్లు కొంకర్లు పోయినప్పుడు పని అలాగే ఉంటుందని. కసియానో టీ గ్లాసు పట్టుకుని, లారీ కిందనుంచి బయటికి కనిపిస్తున్న ఆమె రెండు బూట్లను చూస్తూ నిలబడ్డాడు. తన దగ్గర పని నేర్చుకున్న వాళ్లలో ఎవరైనా చెప్పకుండా ఇలా చేశారా అని ఆలోచించాడు. ఒక్కరూ గుర్తు రాలేదు.

"రేపు నేనూ వస్తాను," అన్నాడు ఆమె బయటికి రాగానే.

"దేనికి మేస్త్రీ?"

"ఊరికే. చాలా రోజులైంది కనుమ చూసి."

అది అబద్ధమని ఆయనకు తెలుసు. ఆమెకు సాయపడాలని కొంత. అది ఆగిపోతే కళ్లారా చూడాలని కూడా కొంత.

శనివారం తెల్లవారి వెలుగు రాగానే బయల్దేరారు. ముందు రాత్రే తోటకు పోయి ఎక్కించుకున్న ఎనభై బస్తాలు, వాటి కింద గడ్డి, పైన గడ్డి, ఆపైన రెండు టార్పాలిన్లు. నెమేసియా బొత్తాం నొక్కి పట్టుకుంది. వెనక ట్యాంకు దగ్గర తుమ్మెద రొదలాంటి చప్పుడు. తాళం తిప్పగానే ఇంజను అందుకుంది. కసియానో కిటికీ వైపు మొహం తిప్పుకున్నాడు.

దారంతా ఆయన ఇంజను చప్పుడే వింటూ కూర్చున్నాడు. పసుపు గడ్డి మైదానం దాటారు. ఎండిన ఏటి ఇసుక దాటారు. పదకొండు గంటలకు ఎత్తు మొదలైంది. గేరు తర్వాత గేరు దింపుతూ నెమేసియా లారీని మలుపుల మీద తిప్పుతోంది. ఆమె తోలడం కూడా ఆయన గమనించాడు. ఇంజను అడగకముందే గేరు మార్చేది. ఎక్కడా రొప్పించేది కాదు. కనుమ కింద ఎర్రరాయి మలుపు దగ్గర ఈ లారీ ఎప్పుడూ ఒక గుటక తప్పేది. కసియానో ఆ చోటు కోసం చెవులు రిక్కించాడు. మలుపు వచ్చింది, పోయింది. ఇంజను గొంతు ఏమాత్రం మారలేదు.

"విన్నారా?" అంది నెమేసియా, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

"విన్నాను," అన్నాడు కసియానో.

కనుమ కొసన రాళ్ల గుట్ట దగ్గర ఆగకుండా ఎవరూ పోరు. ఆమె దిగి, భూమి తల్లికి కాస్త సారా ఒలికించి, మూడు కోకా ఆకులు రాయి కింద పెట్టి వచ్చింది. కసియానో కూడా ఒక రాయి వేశాడు. అప్పటికి ఒంటిగంట. పడమటి నుంచి మబ్బు దిగుతోంది. గాలిలో వడగళ్ల వాసన ఉంది.

అవతలి దిగుడు మీద రోడ్డంతా కంకర. మూడు కిలోమీటర్లు పోయారో లేదో, లారీ కింద ఏదో రాయి టప్పున తగిలిన చప్పుడైంది. కాసేపటికి ఇంజను ఒకసారి వణికి, రెండోసారి వణికి, ఆగిపోయింది.

నెమేసియా లారీని అంచుకు తీసి నిలబెట్టింది. గాలి తప్ప వేరే చప్పుడు లేదు. కసియానో గుండెల్లో ఒక చిన్న సంతోషం చేపపిల్లలా ఎగిరిపడింది. చెప్పలేదూ అనుకున్నాడు. మరుక్షణం వెనక టార్పాలిన్ గాలికి కొట్టుకున్న చప్పుడు విని, ఆ కింద ఏముందో గుర్తొచ్చి, తనను చూసి తనకే అసహ్యం వేసింది. అరవై ఒక్క ఏళ్లు వచ్చాయి నీకు, అనుకున్నాడు.

"దిగి చూస్తానుండు," అన్నాడు తలుపు మీద చెయ్యి వేస్తూ.

"కూర్చోండి మేస్త్రీ. ముందు నన్ను చూడనివ్వండి."

ఆమె బొత్తాం నొక్కింది. తుమ్మెద రొద లేదు. "ఆయిల్ స్విచ్చి కాదు," అని తనలో తాను అనుకుంటున్నట్టు పైకే అంది. "స్విచ్చి పోతే బొత్తాంకి పలకాలి." ఫ్యూజు తీసి వెలుగులో చూసింది. బాగానే ఉంది. కరెంటు వస్తోందో లేదో చూసే టెస్ట్ బల్బు, పానాలు, సీటు కింది కొత్త పంపు తీసుకుని దిగింది. కసియానో కూర్చోలేక ఆమె వెనకే దిగాడు. అప్పటికే సన్న వడగళ్లు మొదలయ్యాయి, బియ్యం చల్లినట్టు టోపీల మీద రాలుతున్నాయి.

ఆమె లారీ కింద వెల్లకిలా పడుకుంది. "బొత్తాం నొక్కండి మేస్త్రీ!" ఆయన ఎక్కి నొక్కాడు. కరెంటు వైరుకు బల్బు పెట్టి, రెండో కొస చాసిస్‌కు తగిలిస్తే వెలిగింది. "ఇక్కడిదాకా కరెంటు వస్తోంది!" అని అరిచింది. ఏ డ్రైవరైనా ఇక పంపు పోయిందనుకుని కొత్తది బిగించడానికి దిగేవాడే. కసియానో కూడా అదే అనుకున్నాడు. ఆమె ఇంకో పని చేసింది. బల్బు రెండో కొసను చాసిస్ నుంచి తీసి పంపు ఎర్త్ వైరుకు పెట్టింది. వెలగలేదు.

"పంపు చావలేదు మేస్త్రీ! ఎర్త్ తెగింది. ఆ రాయి!"

కొత్త పంపును పక్కన పెట్టేసింది. తెగిన కొస వెతికి, పళ్లతో వైరు తొక్క ఒలిచి, మెలితిప్పి, టేపు చుట్టింది. అంతటితో లేవలేదు. ఒక పాత రబ్బరు గొట్టం ముక్క అడిగి, దాన్ని నిలువునా కోసి వైరుకు తొడిగి, మళ్లీ రాయి తగలకుండా చాసిస్ లోపలి వైపుకు తిప్పి కట్టింది. ఆమె వేళ్లు ఎర్రబడి వాచిపోయాయి. కసియానో వంగి టార్చి పట్టాడు. ఆయన చేసిన సాయమంతా అదే.

"నొక్కండి!"

తుమ్మెద రొద మొదలైంది. గాలి తీయడానికి నట్లు వదులు చేసి, చేత్తో కొట్టి, ఊపిరి అందక ఆగి, మళ్లీ కొట్టే పనేమీ లేదు. పంపే నిమిషంలో గొట్టాలన్నీ నింపేసింది. నెమేసియా ఎక్కి తాళం తిప్పింది. రెండో తిప్పుకు ఇంజను అందుకుంది. ఆగిన దగ్గర్నుంచి కదిలేదాకా ఇరవై ఆరు నిమిషాలు.

కాస్త దూరం పోయాక కసియానో అన్నాడు: "నేనైతే పంపు మార్చేసి ఉండేవాణ్ని. ఎర్త్ లేకుండా కొత్తది కూడా తిరిగేది కాదు. రెండు పంపులూ పోయాయని తల పట్టుకుని కూర్చునేవాణ్ని."

"మీరా? ఊరుకోండి మేస్త్రీ."

"నిజంగానే చెబుతున్నా. ఇంకోటి కూడా చెబుతా విను. ఇంజను ఆగినప్పుడు నాకు సంతోషం వేసింది."

నెమేసియా ఆయన వైపు ఒక్కసారి చూసి, మళ్లీ రోడ్డు వైపు తిరిగింది. "తెలుసు," అంది. "మీ మొహం అద్దంలో కనిపించింది. ఆ తర్వాత మాడిపోవడం కూడా కనిపించింది." అని పకపకా నవ్వింది. ఆయనకూ నవ్వొచ్చింది. ఆమె సంచిలోంచి ఎండు లామా మాంసం, ఉడికించిన మొక్కజొన్న గింజలు తీసి ఆయన ఒళ్లో పెట్టింది. "తినండి. చలికి మొహం నీలమైంది."

కొండ నీడ ఇంకా ఇళ్ల మీద పడకముందే విలాపంపా చేరారు. ఊరంతా రోడ్డు మీదే ఉంది. టార్పాలిన్ విప్పగానే ఒక ముసలావిడ ముందుకు వచ్చి, బస్తా మూతి విప్పి, ఒక దుంప తీసి చెంపకు ఆనించుకుంది. దాన్ని తిప్పి తిప్పి కళ్లు చూసింది. "బతికే ఉన్నాయి," అంది. ఆ మాట ఒకరి నోట్లోంచి ఒకరి నోట్లోకి వెనక వరసదాకా పాకింది. అప్పుడు కదిలారు అందరూ. బస్తాలు ఒక్కొక్కటీ ఎత్తి రాతి గదిలోకి చేర్చి, మీద గడ్డి కప్పి, తలుపుకు దుప్పట్లు వేలాడదీశారు.

ఊరి పెద్ద మాక్సిమో కసియానో దగ్గరికి వచ్చి రెండు చేతులూ పట్టుకున్నాడు. "మేస్త్రీ వెంట ఉన్నాడు గనకే వచ్చాయి. మీ మేలు మరవం."

నెమేసియా లారీ పైన నిలబడి గడ్డి విదిలిస్తోంది. ఆమె వింది, గడ్డి విదిలిస్తూనే ఉంది. ఆ మాటను అలాగే ఉంచేస్తే అడిగేవారెవరూ లేరు.

"నేను కూర్చుని వచ్చాను," అన్నాడు కసియానో, నలుగురికీ వినపడేట్టు. "కనుమ మీద లారీ ఆగింది. ఆమె దిగింది, కనిపెట్టింది, బాగు చేసింది. నేను టార్చి పట్టుకున్నాను. ఏ పంపు పెట్టాలో కూడా ఆమే తేల్చింది. నా మాట విని ఉంటే ఏమయ్యేదో నాకు తెలీదు. ముప్పై నాలుగేళ్లుగా ఇంజన్లు చూస్తున్నా. ఇలా ఆలోచించే డ్రైవర్ను నేను చూడలేదు."

ముసలివాళ్లు నెమేసియా వైపు తిరిగారు. ఆమె ఆ చూపులు తట్టుకోలేక, "చాల్లే, దిగనివ్వండి, కాళ్లు పీకుతున్నాయి," అంటూ వెనక వైపు నుంచి దిగేసింది. మొగుడు ఎదురొచ్చి ఆమె వాచిన వేళ్లు తన చేతుల మధ్య పెట్టుకున్నాడు.

మర్నాడు కసియానో కూడా నాట్లలో పాల్గొన్నాడు. ఎద్దుల వెనక నడుస్తూ చాలులో దుంప వేసే పని ఇచ్చారు. పక్క చాలు అమ్మాయి రెండుసార్లు వెనక్కి పిలిచి, కన్ను పైకి ఉండేట్టు వెయ్యమని చెప్పింది. ఆయన వెనక్కి వెళ్లి సరిచేశాడు.

సోమవారం షెడ్డు దగ్గర లారీ దిగగానే రోములో రోడ్డు మధ్యలోనే ఎదురయ్యాడు.

"ఏం బావా, ఆగిందా లేదా?"

"ఆగింది. రాయి తగిలి నీ ఎర్త్ వైరు తెగింది. వైరుకు గొట్టం తొడిగి లోపలి వైపుకు కట్టరా ఇకనుంచి. నాక్కూడా తట్టలేదనుకో."

"పంపు?"

"పంపు బంగారంలా ఉంది," అన్నాడు కసియానో. ఆ మాట ఆయన నోట విని రోములో ఒంగి లారీ కిందికి చూశాడు.

ఆ తర్వాత కసియానో కరెంటు పంపుల మనిషి అయిపోయాడని కాదు. రెండు వారాలకు లోయలో మట్టి తోలే పోలికార్పో వచ్చి, తనకూ నెమేసియా పంపే కావాలన్నాడు. కసియానో అతని లారీలో వేలాడుతున్న వైర్లను చూశాడు. ఫ్యూజుకు బదులు సిగరెట్ కాగితం చుట్టి ఉంది. "నీకు రబ్బరుదే," అన్నాడు. "నువ్వు తిరిగేది లోయలో. అక్కడ దానికి ఊపిరాడుతుంది. వారానికోసారి ఆయిల్ కడ్డీ వాసన చూసుకో, తేడా వస్తే వచ్చెయ్. నీ బండికి అదే మంచిది." మంచి రబ్బరు కోసం ఓరురో దాకా వెళ్లి, నలుగురిని అడిగి, పాత సరుకు ఎక్కడో సంపాదించి తెచ్చి మరీ వేశాడు.

మే నెలలో విలాపంపాలో దుంపలు తవ్వారు. మంచు ఆ ఏడు దయ తలచింది. నెమేసియా ఓరురో సంతకు పోతూ దారిలో ఆగి, షెడ్డులో ఒక బస్తా, రోడ్డు అవతల కొట్టులో ఒక బస్తా దించింది. ఊరు పంపిందని చెప్పి, బేరం పోతుందంటూ ఆగకుండా వెళ్లిపోయింది. ఆమె లారీ మలుపు తిరిగిందో లేదో, రోములో తన బస్తాను ఈడ్చుకుంటూ రోడ్డు దాటి వచ్చాడు.

"బావా, నీ బస్తా పెద్దదిగా ఉందే?"

"నేను కనుమ ఎక్కి టార్చి పట్టాను. నువ్వేం పట్టావ్?"

"పంపు నాది!"

"కన్నం మూసిన పలక నాది!"

రెండు బస్తాలూ పక్కపక్కన నిలబెట్టి, ఎవరిది ఎత్తుగా ఉందో చూడటానికి ఇద్దరూ వంగారు. కసియానో భార్య లోపలినుంచి వచ్చి, రెండింటిలోంచీ ఒక్కో దోసెడు దుంపలు తీసుకుని, ఒకే కుండలో వేసి పొయ్యి మీద పెట్టింది.